ఊరి రూపాయి ముందు పడాలి

మీరు చిలకలూరిపేటలో దుకాణం నడుపుతుండవచ్చు, పొదిలిలో రిటైరైన టీచరు కావచ్చు, వినుకొండలో పుట్టి డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఇంజినీరు కావచ్చు. ఊరికి ఏదైనా చేయాలన్న కోరిక మీలో ఉంది. ఆ కోరికను పనిగా ఎలా మార్చుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు ఒక అపోహ వదిలేయాలి. మన చిన్న పట్టణాల్లో పనులు జరగకపోవడానికి డబ్బు లేకపోవడమే కారణమని అందరూ అంటారు. 1967లో నాగార్జున సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలినప్పటి నుంచి ఈ నల్లరేగడి మీద పత్తి డబ్బు, మిర్చి డబ్బు తిరుగుతూనే ఉంది. ధర పడిపోయిన ఏళ్లున్నాయి, తెగులు ముంచిన ఏళ్లున్నాయి. అయినా తిరుగుతూనే ఉంది. కాకపోతే ఊళ్లో ఆగదు. కాయ కళ్లంలో ఎండుతుంది, టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు పోతుంది. వ్యాపారి లాభం గుంటూరులో ప్లాటు అవుతుంది. రైతు బిడ్డ చదువు హైదరాబాదులోనో అమెరికాలోనో జీతం అవుతుంది. ఊరికి దక్కేది పండక్కి వచ్చిన నాలుగు కార్లు, వేసవిలో రెండు పెళ్లిళ్లు.

ఆ డబ్బులో కొంత వెనక్కి తేవడం కష్టం కాదు. అడిగితే ఇచ్చేవాళ్లు ఈ జిల్లాల్లో ఎప్పుడూ ఉన్నారు. గుడికీ బడికీ చందా ఇవ్వడం ఇక్కడి అలవాటు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల గేటు మీద దాతల పేర్లు చూడండి, ఎన్ని ఊళ్లలో కనిపిస్తాయో. కష్టమంతా దాత డబ్బునూ ప్రభుత్వ డబ్బునూ ఒకే పనిలో కలిపి, పదేళ్లపాటు ఆ పని ఆగకుండా చూడటంలో ఉంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకే మాట. కట్టే డబ్బు గురించి ఆలోచించే ముందు నడిపే డబ్బు ఎవరిదో తేల్చుకోండి. అందులో ఊరి వాటా ఎంతో, అది ముందుగా పడుతుందో లేదో చూసుకోండి.

ఊరిని అడగకుండా ఊరి మీద ఖర్చు రుద్దితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం 1919లో మునిసిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఏటా 4,000 రూపాయల దాకా ఉన్న పన్ను భారం 40,000కు ఎగబాకింది. నేత పని మీద బతికే జనం. మాకు మునిసిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నారు, పన్ను కట్టబోమన్నారు, జైళ్లకు పోయారు. ప్రభుత్వం కదల్లేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఇళ్లకు తాళాలేసి ఊరి బయటకు వెళ్లిపోయారు. రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో ఎండకూ వానకూ ఓర్చి నెలల తరబడి ఉన్నారు. ఆ పోరాటాన్ని స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా చదువుకున్నాం, అది న్యాయమే. ఊరిని బాగుచేయాలనుకునేవాళ్లు దాన్ని పురపాలక ఆర్థిక పాఠంగా కూడా చదవాలి. రోడ్లు, దీపాలు, పారిశుద్ధ్యం వస్తాయన్న మాట ఆ జనానికీ చెప్పారు. తమను అడగకుండా తమ నెత్తిన పెట్టిన ఖర్చును వాళ్లు ఒప్పుకోలేదు.

చీరాల పక్కనే వేటపాలెం. అక్కడ సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. ఊరివాళ్లే పెట్టుకున్నారు, ఊరివాళ్లే పుస్తకాలు పోగుచేశారు. 1929లో గాంధీజీ అక్కడ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఇవాళ్టికీ వేటపాలెం వెళతారు. ఒకే కాలం, ఒకే ఇసుక నేల, ఇంచుమించు ఒకే జనం. ఒకచోట పన్ను కట్టబోమన్నవాళ్లు మరోచోట జేబులోంచి తీసి ఇచ్చారు. ఎవరి నిర్ణయం అన్నదే తేడా.

గ్రంథాలయాల విషయంలో మన రాష్ట్రంలో ఒక మంచి ఏర్పాటు కూడా ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తారు. మునిసిపాలిటీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ ఊళ్లో లైబ్రరీ భవనం కురుస్తోందంటే చందాల పుస్తకం పట్టుకుని బయల్దేరకండి. ముందు మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, గత మూడేళ్లలో సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని రాతపూర్వకంగా అడగండి. ఊరి రూపాయి అప్పటికే ఉండి, దారిలో ఎక్కడో ఆగి ఉండవచ్చు. ఆ లెక్క చేతిలో పెట్టుకుని దాత దగ్గరకు వెళితే, "ప్రభుత్వం ఇంత ఇస్తోంది, మిగతాది మీరు చూడండి" అని అడగగలరు.

ఇప్పుడు నీళ్ల దగ్గరకు వద్దాం. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఫ్లోరైడు మీకు తెలిసిందే. కనిగిరి వైపు ఊళ్లలో వంగిన కాళ్లు, గార పట్టిన పళ్లు తరాల తరబడి చూస్తున్నాం. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. 2014 అక్టోబరులో ఎన్టీఆర్ సుజల పథకం మొదలైనప్పుడు 20 లీటర్ల క్యాను 2 రూపాయలకు ఇవ్వాలన్నది లక్ష్యం. నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టడానికి దాతలను, కంపెనీలను పిలిచారు. అంతకుముందూ ఆ తర్వాతా విడిగా ప్లాంట్లు పెట్టించిన దాతలకు లెక్కలేదు. తాళం పడిన షెడ్లు కూడా మీ కంటపడే ఉంటాయి. ప్రారంభోత్సవం రోజున కొట్టిన కొబ్బరికాయ చెక్కలు ఎండకముందే మూతపడ్డవి కావు అవి. రెండు మూడేళ్లు చక్కగా నడిచి ఆగిపోయినవే ఎక్కువ. ఎందుకు ఆగాయో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటు అనుకోండి. రోజుకు 250 క్యాన్లు పోతే 500 రూపాయలు, నెలకు 15,000. నీళ్లు పట్టే కుర్రాడికి 9,000 జీతం. కరెంటుకు 3,000. ఫిల్టరు క్యాండిళ్లు, మందు, పైపుల లీకేజీలు కలిపి 1,500. నెలకు 1,500 మిగిలింది. కమిటీవాళ్లు సంతోషిస్తారు, వినాయక చవితి పందిరికి ఓ వెయ్యి ఇస్తారు, రిపబ్లిక్ డే నాడు పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. మూడో ఏడు మెంబ్రేన్లు పాడవుతాయి. వాటిని మార్చాలంటే యాభై వేల పైమాటే. నెలనెలా మిగిలిన ఆ 1,500 ముట్టుకోకుండా ఉంటే 36 నెలలకు 54,000 అయ్యేది, సరిగ్గా సరిపోయేది. ముట్టుకున్నారు గనక లేదు. మధ్యలో బోరు మోటారు కాలిపోతే ఆ లెక్క కూడా తప్పుతుంది. దాతకు ఫోను చేస్తారు. ఆయన ఒకసారి ఇస్తాడు, రెండోసారి ఫోను ఎత్తడు. ఆయన్ని తప్పుపట్టలేం. తాను ప్లాంటు ఇచ్చాననుకున్నాడు, జీవితాంతం దాని ఖర్చు భరిస్తానని ఆయన ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఈ అంకెలు లెక్క కోసం వేసినవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోవాలి. పద్ధతి మాత్రం ఇదే. మొదటి ఏడాది ఖర్చు కాకుండా నాలుగో ఏడాది ఖర్చు వేయండి. కరెంటు బిల్లు, బోరు మరమ్మతు మునిసిపాలిటీ పెట్టుకుంటుందని కౌన్సిల్ తీర్మానం తీసుకోండి. ప్లాంటుతో పాటు మెంబ్రేన్ల కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్టు కూడా దాతను అడగండి. నాలుగు లక్షల ప్లాంటు ఇచ్చేవారు మూడున్నర లక్షల ప్లాంటు, అర లక్ష డిపాజిట్టు అంటే కాదనరు. క్యాను రెండు రూపాయలు ఊరిది. అది ఉచితం చేస్తామని ఎవరైనా ముందుకొస్తే దయచేసి ఒప్పుకోకండి. రెండు రూపాయలు ఇచ్చేవాడికి "నిన్న నీళ్లు ఎందుకు రాలేదు" అని అడిగే హక్కు ఉంటుంది. ఆ అడగడమే ప్లాంటును బతికిస్తుంది.

ప్రభుత్వం నడపగలిగినదానికి దాత కట్టించి ఇవ్వడం ఎంత బలమైన జోడీ అవుతుందో గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో చూడవచ్చు. నాట్కో ట్రస్టు అక్కడ క్యాన్సర్ కేంద్రం కట్టించింది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ల సంఘం జింకానా తల్లీబిడ్డల విభాగానికి పూనుకుంది. దాని కోసం 2022లో డాక్టర్ ఉమా గవిని దాదాపు 20 కోట్ల రూపాయలు ఇస్తున్నట్లు ప్రకటించారు. 2015 నుంచి సహృదయ ట్రస్టు తరఫున డాక్టర్ గోపాలకృష్ణ గోఖలే బృందం ఆ ఆసుపత్రిలోనే గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అక్కడ గుండె మార్పిడి కూడా జరిగింది. సత్తెనపల్లి నుంచో దర్శి నుంచో బస్సెక్కి వచ్చే పేదవాడికి ఇవన్నీ అందుతున్నాయంటే, కట్టినవాళ్ల దాతృత్వం ఒక సగం. నర్సు జీతం, మందులు, కరెంటు ప్రభుత్వ పద్దులో ఉండటం మిగతా సగం. నర్సు ఉద్యోగాన్ని ముప్పై ఏళ్లు భరించగల దాత ఎక్కడా ఉండడు. రెండేళ్లలో శ్రద్ధగా ఒక భవనం పూర్తిచేయగల ప్రభుత్వ శాఖ కూడా అరుదే. ఎవరు ఏది బాగా చేయగలరో వాళ్లకు అది అప్పజెప్పండి.

పనిని జనం చేతికివ్వడంలో మన రాష్ట్రానికి అనుభవం ఉంది. 1997 జనవరిలో మొదలైన జన్మభూమిలో ప్రజల వాటా, శ్రమదానం అన్న మాటలు ఊరూరా వినిపించాయి. 2019 నవంబరు 14న ఒంగోలు పీవీఆర్ పాఠశాలలో మొదలైన నాడు-నేడులో పనుల డబ్బు తల్లిదండ్రుల కమిటీల ద్వారా ఖర్చు పెట్టించారు. ఆ రోజుల్లో అమ్మఒడి సొమ్ములోంచి వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మళ్లించారు. విమర్శలు వచ్చాయి. నా మటుకు అందులోని ఆలోచన సరైనదే అనిపిస్తుంది. మరుగుదొడ్డి కట్టిన రోజునే దాన్ని కడిగే మనిషి జీతం ఎక్కడి నుంచి వస్తుందో తేల్చారు. 2025 ఉగాదికి పీ4 వచ్చింది, ప్రభుత్వమూ ప్రైవేటూ ప్రజలూ కలిసి పేద కుటుంబాలకు అండగా నిలవాలన్నారు. ఒక్కో ప్రభుత్వం ఒక్కో పేరు పెడుతుంది. మీరు పేరు పట్టుకుని వేలాడకండి. ఆ ఏడాది ఏ పేరుతో డబ్బు వస్తోందో తెలుసుకుని, మీ ఊరి పనికి అది సరిపోతుందో లేదో చూడండి.

ఇక్కడ కాస్త నొప్పి కలిగించే మాట చెప్పాలి. పల్నాడులోనూ ప్రకాశంలోనూ ఏ పని మొదలైనా ముందు అడిగేది "అది ఎవరి పార్టీది?" అని. ఆ తర్వాతి ప్రశ్న కులం. ప్రభుత్వం మారగానే బోర్డు మారుతుంది, కొన్నిచోట్ల పని ఆగుతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. కమిటీ వేసిన మొదటి రోజే రెండు పార్టీల కౌన్సిలర్లనూ కూర్చోబెట్టడం, ఊళ్లోని అన్ని పేటల నుంచి మనుషులను తీసుకోవడం, కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండేలా చూడటం. పొదుపు సంఘాల్లో లెక్కలు రాసిన మహిళలు ప్రతి వార్డులో ఉన్నారు. కోశాధికారి పని వాళ్లకిస్తే లెక్క తేడా రాదు. శిలాఫలకం మీద దాత పేరు వేయండి, వేసి తీరాలి, అది ఆయన హక్కు. నాయకుల పేర్ల వరుస మీద గొడవ వస్తే మాత్రం ఎవరి పేరూ లేకుండా "ఊరి ప్రజలు" అని వేస్తామని ముందే తీర్మానం రాసుకోండి.

ప్రైవేటు డబ్బు అంటే దానం ఒక్కటే కాదు. వ్యాపారం కూడా ఊరిని నిలబెడుతుంది, నిజానికి ఎక్కువ కాలం నిలబెట్టేది అదే. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు పార్కు ఉంది. స్థలం, రోడ్లు, నీళ్లు, సదుపాయాలు ప్రభుత్వ పక్షం. యంత్రాలు, ఎగుమతి, మార్కెట్టు కంపెనీల పక్షం. 2022 నవంబరులో ఐటీసీ దాదాపు 200 కోట్లతో అక్కడ మసాలా దినుసుల శుద్ధి కర్మాగారం ప్రారంభించింది. ఇలాంటి పార్కు పక్కనున్న పట్టణం చేయాల్సిన పని వేరే ఉంటుంది. తొడిమలు తీయడానికి, ప్యాకింగుకు పోయే ఆడవాళ్లకు తెల్లవారుజామున బస్సు ఉందా, వాళ్ల పిల్లలను ఉంచే చోటు ఉందా, ఘాటుకు దగ్గే మనిషికి మాస్కు ఇస్తున్నారా? అది అడగడం మీ వంతు. పార్కు వచ్చినంత మాత్రాన పట్టణం దానంతటదే బాగుపడదు.

మీకు పెద్ద కంపెనీ అక్కర్లేదు, ఒక కారం మిల్లు పెట్టుకుని పదిమందికి పనివ్వాలని ఉందనుకోండి. 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో, అదే పీఎంఎఫ్ఎంఈలో, ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. 10 లక్షల మిల్లుకు మీ చేతి నుంచి పదో వంతు, లక్ష. సబ్సిడీ మూడున్నర లక్షలు. మిగతా ఐదున్నర లక్షలు అప్పు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంటుంది. మూడేళ్లు వాయిదాలు సక్రమంగా కడితేనే అప్పులో జమ అవుతుంది. కాబట్టి మూడేళ్ల వాయిదాలకు తగిన అమ్మకం ఉందో లేదో చూసుకుని దిగండి. పథకాల నిబంధనలు మారుతుంటాయి. బ్యాంకులో కాగితం చూపించమని అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.

మిగతా పర్సుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. అవి కట్టడానికే, నడపడానికి కావు. పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపురాయి గనులున్నాయి గనక జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు డబ్బు జమవుతుంది. 2015కు ముందు లీజులైతే రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం. కలెక్టరేటులో ప్రతిపాదన పెట్టాలి. గనుల దుమ్ము పీల్చే ఊళ్లకే అందులో ముందు హక్కు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు 2013 కంపెనీల చట్టం కిందివి. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మీ ఊరి జిన్నింగు మిల్లు, కోల్డ్ స్టోరేజీ ఆ గీత దాటకపోవచ్చు. వాళ్లను చట్టం పేరుతో కాకుండా ఊరివాళ్లుగా అడగండి.

విదేశాల్లో ఉన్నవాళ్ల డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న మీ అబ్బాయి తన జీతంలోంచి బ్యాంకు ద్వారా ఊరి ట్రస్టుకు పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే అబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషను లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. మంచి మనసుతో పంపిన సొమ్ము మీ కమిటీని కేసుల్లో పడేయకుండా చూసుకోండి. ప్రతి దాతనూ పౌరసత్వం అడగండి. మొహమాటపడే చోటు కాదిది.

ఇక క్యాలెండరు. మునిసిపాలిటీ బడ్జెట్టు ఏప్రిల్ ఒకటి నుంచి అమలు కావాలి, కాబట్టి చలికాలంలోనే లెక్కలు మొదలవుతాయి. మీ పని ప్రతిపాదన, నాలుగో ఏడాది దాకా ఖర్చు లెక్క, దాతల అంగీకార పత్రాలు డిసెంబరులోపు కమిషనర్‌కు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. అప్పటికే ఊళ్లో చిన్న చందాలు పోగుచేయడం మొదలుపెట్టండి. ఇంటికి వంద రూపాయలైనా చాలు, రసీదు మాత్రం ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. నెలకోసారి జమాఖర్చు కాగితం మునిసిపల్ ఆఫీసు గోడకూ బస్టాండులోనూ అంటించండి. ఏప్రిల్ మొదటి వారంలో బడ్జెట్టు ప్రతి ఒకటి తీసుకుని, మీ పని నిర్వహణకు పద్దు చేరిందో లేదో వేలు పెట్టి వెతకండి. చేరితే శంకుస్థాపనకు ముహూర్తం పెట్టుకోండి. చేరకపోతే ఆ ముహూర్తం వాయిదా వేసి, దాతకు నిజం చెప్పి, వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో మీ అంశం పెట్టించండి.